బొటనవేలి కింద సొట్ట

చేపల సారు పోయారు. ఏటా మృగశిరకు ముందు ఖానాపూర్ నుంచి వచ్చే ఆయన కార్డు ఈసారి రాలేదు. నేనే ఒకటి రాశాను. జవాబు ఆయన భార్య రాసింది. నాలుగు వరుసలు. చదివి, కార్డు చూరులో దోపి, గోదావరి ఒడ్డున కూర్చున్నాను.

రాయడం నాకు సరిగా రాదు. ఊరి బడిలో నాలుగో తరగతి, అదీ ఉర్దూ ఎక్కువ, తెలుగు తక్కువ. మాట్లాడటం అంతకన్నా రాదు. అయినా ఒక మాట చెప్పవలసి ఉంది. అది దాచి ఆయన్ని ఎంత పొగిడినా నా మీద నాకే రోత పుడుతుంది.

రెండు రాష్ట్రాలు కలిసిన కొత్తలో ఆయన మంథని వచ్చారు. గోదావరి చేప ఎప్పుడు గుడ్లు పెడుతుంది, ఎన్నేళ్లు బతుకుతుంది, పట్టాక ఎంతసేపు తినడానికి పనికొస్తుంది, ఇవి తెలుసుకోవడమే ఆయన ఉద్యోగం. పడవకూ వలకూ నన్ను పెట్టుకున్నారు. వయసులో నాకన్నా చిన్న. కాకా అని పిలిచేవారు.

చేప కడుపు కోసే ముందు తన గడియారం విప్పి నా చేతికి కట్టేవారు. పని అయ్యేదాకా అది నా దగ్గరే. నాకు టైము చూడటం అట్లానే వచ్చింది. ఒకసారి బొచ్చె చేప పొలుసు పీకి భూతద్దం కింద పెట్టి చూపించారు. పొలుసు మీద సన్నటి గీతలు.

"ఏడాదికో గీత వడుతది కాకా. లెక్కవెట్టు."

లెక్కపెట్టాను. "అయితే గిది మా బిడ్డ పెండ్లినాటిది సారూ" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఆ పెళ్లి ఏ నెలలో అయిందో అడిగి నోటుబుక్కులో రాసుకున్నారు.

ఒక ఎండాకాలమంతా రెండు గంపలతో గడిచింది. ఒకదాంట్లో వలకు చిక్కిన చేపలు. ఇంకోదాంట్లో మడుగులో మందుగుండు తూటా పేల్చి చంపినవి. రెంటి మీదా తడి గోనెపట్టా. గంటకోసారి నేను చేప మీద బొటనవేలితో నొక్కాలి. పడిన సొట్ట మళ్లీ లేస్తే చేప మంచిది. లేవకపోతే పాడైనట్టు. తూటా చేప లోపల పేగులు చితికిపోయి ఉండేవి. పొద్దు నెత్తిమీదికి రాకముందే మెత్తబడేది. విసుగొచ్చి నేను "వాసన ఏం లేదు సారూ" అంటే, "ముక్కు ఊకెనే ఇయ్యలే కాకా దేవుడు. ఇంకోసారి చూడు" అనేవారు. చూస్తే ఉండేది.

మృగశిర మొదటి రోజు మా దిక్కున చేప తినని ఇల్లు లేదు. అవే రోజుల్లో చేప కడుపు నిండా గుడ్లతో ఏటికి ఎదురెక్కుతుంది. అప్పుడు దాన్ని వదిలేయాలనీ, తూటాలు ఆపాలనీ సారు పైకి రాస్తూనే ఉన్నారు. ఎవరు వింటారు? ఆ ఏడు కూడా చేపల గుత్తేదారు మృగశిరకు ముందురోజే మడుగు పేల్చాడు. గంపలు బస్సులో పెద్దపల్లికి, అక్కడ రైలెక్కి బెల్లంపల్లికి పోవాలి. మర్నాడు పొద్దున, గుత్తేదారు దగ్గర పనిచేసే నా తమ్ముడు మేక రక్తం గిన్నెలో పెట్టుకుని, చేప తాజాగా కనబడాలని తెల్లబడిన మొప్పలకు గుడ్డతో పూస్తున్నాడు. నేను చూశాను. వాడు నన్ను చూసి నవ్వాడు. "పెండ్లిపిల్లకు పారాణి వెడుతున్ననే అన్నా" అన్నాడు.

బస్సు వెనక సారు ఒక గంప దింపించారు. అక్కడ మేమిద్దరమే.

"నొక్కు కాకా."

నొక్కాను. వేలు పిండిలోకి దిగినట్టు దిగింది.

"లేచిందా?"

"లేవలే సారూ."

రాసుకున్నారు. అంతలో గుత్తేదారు వచ్చాడు. "ఏంది సారూ, మిర్గం నాడు శాప తినొద్దంటవా? రేపు ఉగాదికి పచ్చడి గూడ వద్దంటవేమో!" బస్సులో వాళ్లంతా పకపకా నవ్వారు. గంప ఎక్కించారు. బస్సు పోయింది.

ఆ చేపలు తిని బెల్లంపల్లిలో బొగ్గుబాయి పనోళ్ల వాడ ఒకటి మొత్తం వాంతులతో పడింది. ఒక ముసలవ్వ చనిపోయింది.

విచారణకు పై అధికారి వచ్చాడు. సారు నోటుబుక్కు ఆయన ముందుంది. పక్కన గుత్తేదారు. గుమ్మంలో నా తమ్ముడు.

"ఆ చేపను నువ్వే నొక్కినవా?" అని అధికారి అడిగాడు.

గుత్తేదారు నా వైపు చూడను కూడా లేదు. చూడనక్కర లేదని వాడికి తెలుసు.

"యాదికి లేదు సారూ" అన్నాను.

బయటికి వచ్చాక చేపల సారు నా భుజం మీద చెయ్యి వేశారు. "తమ్ముడున్నడని గదా కాకా. పోనీ తియ్" అన్నారు. తిట్టినా బాగుండేది. తప్పుడు రిపోర్టు రాశాడని ఆయన్ని ఖానాపూర్ పంపేశారు. మడుగు మళ్లీ పేలింది. నేను బూడిదతో, చింతపండుతో చెయ్యి తోముకున్నాను. వాసన పోయింది. రోత పోలేదు.

ఆ తర్వాత ఏటా కార్డు. "కాకా, ఈసారి చేప ఏ రోజు ఎదురెక్కుతదో చూసి రాయి." అంతే. నేను అది ఏ రోజో రాసేవాణ్ని, నీళ్లెంత వచ్చాయో రాసేవాణ్ని. ఇంకో మాట రాయడానికి కార్డులో చోటుండేది. రాయలేదు.

ఇప్పుడు రాస్తున్నాను. ఆ రోజు నేనే నొక్కాను. సొట్ట లేవలేదు. రక్తం పూసింది నా తమ్ముడు. సారు రాసిన ప్రతి అక్షరం నిజం. చదివినవాళ్లు నా మొహాన ఉమ్మినా సరే.

మొన్న మృగశిర నాడు అంగడికి పోయాను. చేపల మొప్పలు ఎర్రగా మెరుస్తున్నాయి. ఒకదాని మీద బొటనవేలు పెట్టాను.

"నొక్కకు తాతా, గిరాకి వోతది. కొంటే కొను, లేకుంటే జర జరుగు" అంది అమ్మే ఆమె.

నొక్కి, వేలు తీసి, నిలబడ్డాను. వెనక ఉన్నవాళ్లు తోసుకుంటూ కొనుక్కుని పోతున్నారు. లేవని సొట్టలో ఒక ఈగ వచ్చి వాలింది. చాలాసేపు అక్కడే ఉంది.