ఆయన తాగి పడలేదు

మా హిస్టరీ టీచర్ పోయారు. కువైట్ సిటీ మిర్కాబ్‌లో నేను పనిచేసే ఆఫీసుకు మా బిల్డింగ్ హారిస్ ఫోన్ చేశాడు. హారిస్ అంటే ఇక్కడ బిల్డింగుని కనిపెట్టుకుని ఉండే మనిషి. "టీచర్ మేడమ్ దర్వాజా నహీ ఖోల్ రహీ," అన్నాడు. టీచర్ తలుపు తీయడం లేదంటున్న ఆ గొంతులోనే మిగతా సంగతి తెలిసిపోయింది. నేను అబూ హలీఫాలోని మా బిల్డింగు చేరేసరికి తలుపు తీయించారు. ఆవిడ కుర్చీలో కూర్చునే ఉన్నారు. ఒళ్లో నవల తెరిచి ఉంది. స్కూలుకి కట్టుకుందామని తీసిన చీర మంచం మీద మడత విప్పకుండానే ఉంది. నిద్రలో గుండె ఆగిపోయిందన్నారు.

ఆవిడ నాకు పదో తరగతిలో చరిత్ర చెప్పారు. మేం పై అంతస్తులో, ఆవిడ కింద. నేను కువైట్‌లోనే పుట్టి పెరిగినదాన్ని. నాకు తెలుగు సరిగ్గా చదవడం నేర్పింది కూడా ఆవిడే. అది పాఠాలతో కాదు, నవలలతో.

క్లాసులో ఆవిడ అడిగే ఒక ప్రశ్న మా బ్యాచ్‌లో ఎవరూ మర్చిపోలేదు. ఒక రాజు ఒక రాణిని ప్రేమించి ఆమె కోసం యుద్ధం చేశాడని పుస్తకంలో ఉంది. మేమంతా మైమరచి వింటున్నాం. ఆవిడ పుస్తకం మూసి అడిగారు: "ఆ యుద్ధంలో పోయిన సిపాయి ఇంటికి కబురు ఎవరు తీసుకెళ్లారు? ఏమని చెప్పారు? వాడి భార్య నమ్మిందా?"

వెనక బెంచీ అబ్బాయి ఒకడు లేచి, "పరీక్షలో వస్తుందా టీచర్?" అన్నాడు. అందరం నవ్వాం. ఆవిడ కూడా నవ్వారు గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలబడలేదు.

అంత చరిత్ర చదివిన మనిషి ఇంట్లో మాత్రం వారపత్రికల్లో వచ్చిన పాత సీరియళ్లు, అట్టలు చిరిగిన ప్రేమ నవలలు, కోర్టు నవలలు చదివేవారు. సెలవుకి వెళ్లొచ్చే ప్రతి వాళ్లతోనూ తెప్పించుకునేవారు. ఏ నవలైనా ముందు చివరి పేజీ చదివాకే మొదలుపెట్టేవారు. "ఆఖర్న న్యాయం జరుగుతుందని తెలిస్తే మధ్యలో కష్టాలన్నీ ఓర్చుకోవచ్చు," అనేవారు. హిస్టరీ టీచరై ఉండి ఇవేం పుస్తకాలని మా అమ్మ ఒకసారి వేళాకోళం చేసింది. ఆవిడ ఏమాత్రం నొచ్చుకోలేదు. "చరిత్ర జీతం కోసమండీ. ఇవి ప్రాణం నిలబెట్టుకోడానికి," అన్నారు.

ఆ మాట వెనక ఏముందో నాకు ఉద్యోగం వచ్చాక గానీ తెలియలేదు. ఒకరోజు ఆవిడ పైకి వచ్చి, "నీకు అరబ్బీ బాగా వచ్చు కదమ్మా, నాతో లాయరు దగ్గరికి వస్తావా?" అని అడిగారు. దారిలో టాక్సీలో చెప్పారు.

ఆవిడ భర్త ఇక్కడ కట్టడం పనిలో ఉండేవారు. ఆవిడ రాజోలు వైపు పల్లెలో ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూ అత్తగారితో ఉండేవారు. "మేం కలిసి కాపురం చేసింది ఆయన సెలవుల్లోనే. ఆయన వచ్చినప్పుడల్లా మళ్లీ కొత్తగా సిగ్గేసేది," అన్నారు కిటికీలోంచి బయటికి చూస్తూ. ఒకనాడు ఆయన పరంజా మీదినుంచి పడి చనిపోయారు. సొంత నిర్లక్ష్యం వల్ల పడ్డాడని, ఇచ్చిన బెల్టు పెట్టుకోలేదని కంపెనీ రాసింది. తోటి పనివాడొకడు సాక్షి సంతకం పెట్టాడు. ఆ మాట సముద్రం దాటి ఊరికి చేరేసరికి "తాగి పడ్డాడంట" అయింది. కువైట్‌లో మందు దొరకదు కదా అని ఎవరైనా అంటే, "దొరికేవాళ్లకి దొరుకుతుందంటలే" అని సమాధానం. చర్చిలో కూడా గుసగుసలే. వాళ్ల అత్తగారు కొడుకు శవం వచ్చిన పెట్టె మీద పడి ఏడవడానికి కూడా సిగ్గుపడి గోడవారగా నిలబడిపోయారట. కోడలు మాత్రం నమ్మలేదు. పిల్లాజెల్లా లేరు. స్కూలు ఉద్యోగం వెతుక్కుని ఈ దేశం వచ్చేశారు.

"మొగుడు పోయిన ఏడాదికే కువైట్ పోయిందన్నారు ఊళ్లో. మా అత్తగారు నాతో మాట మానేశారు. ఫర్వాలేదు, ఆయన మీద పడ్డ ఆ ఒక్క మాట తుడిచేసి వెళ్దామనుకున్నాను."

ఆవిడ కోరింది అంతే. పరిహారం గురించి లాయరు ఎత్తితే కూడా ఆవిడ చేత్తో వద్దని సైగ చేసేవారు. లాయరు మంచివాడే. కానీ ఎన్నిసార్లు వెళ్లినా ఒకటే మాట: సాక్షి వచ్చి అప్పుడు చెప్పింది అబద్ధమని చెప్పాలి. అంతవరకు ఖలాస్, కేసు కదలదు. ఆ సాక్షి ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. కంపెనీ వదిలేశాడు, ఊరు రాయచోటి దగ్గర అని మాత్రం తెలుసు.

ఆవిడకి శుక్రవారం సెలవుల్లో ఒక అలవాటుండేది. సిటీలో మనవాళ్లు, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు కలుసుకునే చోటికి గుడ్డ సంచీ నిండా నవలలు తీసుకెళ్లి చదవడానికి ఇచ్చేవారు. చదవడం రానివాళ్లకి తానే చదివి వినిపించేవారు. అందులో ఒక నవల్లో దొంగసాక్ష్యం చెప్పినవాడు ఆఖరి నిమిషంలో కోర్టు తలుపు తోసుకొచ్చి నిజం ఒప్పుకుంటాడు. ఆ నవల తిరిగి ఇస్తూ రాయచోటి వైపు ఆడమనిషి ఒకామె టీచర్ చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లింది.

"టీచరమ్మా, మా ఆయన గూడా ఈ కతలో మాదిరే. మునుపు కంపెనీలో ఉన్నెప్పుడు గోదారాయన ఒకాయన పైనుంచి పడి సచ్చిపాయనంట. ఈయన ఏందో సంతకం పెట్న్యాడంట. ఇప్పటికీ నిద్రలో ఉలిక్కిపడి లేచ్చాడు. ఈ పుస్తకం సదివి వినిపిచ్చే మూడుదినాలు అన్నం తినల్యా."

టీచర్ ఆమెకి తానెవరో చెప్పలేదట. ఎవరింట్లో పనిచేస్తున్నారు, ఎప్పుడు కలవొచ్చు, ఆ రెండే అడిగారు. తర్వాతి శుక్రవారం నన్ను వెంటబెట్టుకుని వాళ్లుండే బ్నీద్ అల్ గార్ వెళ్లారు. "నవలల్లో సాక్షి తలుపు తోసుకొస్తాడు. మనం వెళ్లి సాక్షి తలుపు కొడుతున్నాం," అన్నారు. ఆవిడ గొంతులో అంత ఉత్సాహం నేనెప్పుడూ వినలేదు.

అతను ఒక పెద్దింటికి డ్రైవరు. గరాజు పక్కన చిన్న గది. టీచర్ తానెవరో చెప్పగానే అతను నేల మీద కూర్చుండిపోయాడు. భార్య గుమ్మంలోనే నిలబడిపోయింది. ఎవరింటికి ఎవరిని తీసుకొచ్చిందో ఆమెకప్పుడే అర్థమైంది.

"నేనప్పుడు కొత్త అక్కా," అని మొదలుపెట్టాడు. "పరంజా పలక ఊగులాడతాండాది. నాకు భయమైతాంది అన్నా, అంటి. నువ్వుండు, నేను ఎక్కి చూసొస్తా, అన్న్యాడు. ఎక్కాల్సినోణ్ని నేను. బెల్టులు ఎవురికీ ఇయ్యల్యా. ఫోర్‌మన్ కిందనించి యల్లా యల్లా, తొందరగా కానీండి అని ఒకటే అరుపు. పలక ఇరిగిపాయ. సాయంత్రం కాయితం తెచ్చిరి, అంతా అరబ్బీ. సంతకం పెట్టకపోతే ఇఖామా క్యాన్సిల్, ఊరికి పో అనిరి. పెట్టినా అక్కా."

టీచర్ కదలకుండా విన్నారు. "ఎక్కి చూసొస్తానన్నారా?" అని మాత్రం అడిగారు. ఆ మాట ఆయన గొంతులో ఎలా ఉంటుందో మనసులో విని చూసుకుంటున్నట్టు అనిపించింది.

కోర్టుకు వస్తావా అని నేనే అడిగాను. అతను భార్య వైపు చూశాడు, తర్వాత నేల వైపు. "వస్తా. ఏమైతే అదయితాది," అన్నాడు. అప్పుడు తెలిసింది, ఆ ఇల్లు ఆ కంపెనీ యజమాని తమ్ముడిది. ఇద్దరికీ కఫీల్, అంటే వీసా ఇచ్చి పూచీ పడ్డ యజమాని, ఆయనే. అతను నోరు విప్పితే ఈ దేశంలో ఉండనిచ్చే ఇద్దరి ఇఖామాలూ పోతాయి.

టీచర్ గది చుట్టూ చూశారు. "ఇద్దరూ ఇదే గదిలో ఉంటారా?" అని ఆమెను అడిగారు.

"అవునమ్మా. మామా, మా యజమానురాలు, మంచిది. మొగుణ్నీ పెండ్లాన్నీ ఒక్క చోట పెట్టుకొనింది. ఇట్ల యాడా ఉండదు."

టీచర్ చెప్పబోయేది నాకు అర్థమై, వద్దని చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ నా చెయ్యి నెమ్మదిగా తీసేశారు.

"కోర్టుకి వద్దు నాయనా. నాకొక్క పని చేసిపెట్టు. ఇప్పుడు నాకు చెప్పిన మాటే మా అత్తగారికి చెప్పు."

ఊరికి ఫోన్ కలిపింది నేనే. పక్కింటి కుర్రాడు ఎత్తి ముసలావిడకి ఇచ్చాడు. స్పీకర్ పెట్టాం. డ్రైవరు ఫోన్ దగ్గరికి జరిగి చెప్పాడు. "పెద్దమ్మా, నీ కొడుకు తాగి పడల్యా. నా బదులు ఎక్కి పడిపాయ. అబద్దం సంతకం పెట్టినోణ్ని నేనే."

అవతల్నుంచి ముసలావిడ గొంతు వచ్చింది.

"ఆ రోజు వాడు అన్నం తిన్నాడా బాబూ?"

"తిన్న్యాడు పెద్దమ్మా. ఇద్దరం ఒకే డబ్బాలో తింటిమి. వంకాయ కూర."

"వంకాయ వాడికిష్టం," అంది ఆవిడ. అన్నేళ్లూ గోడవారగా నిలబెట్టి ఉంచిన ఏడుపు ఒక్కసారి బయటికొచ్చింది. అలాంటి ఏడుపు నేను మళ్లీ వినలేదు. డ్రైవరు తల నేలకి ఆనించి కూర్చున్నాడు. కాసేపటికి ఆవిడ, "మా కోడలు అక్కడుందా? ఓసారి ఇవ్వు," అంది. టీచర్ ఫోన్ తీసుకుని గరాజులోకి వెళ్లిపోయారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేను అడగలేదు.

తిరిగొచ్చేటప్పుడు టాక్సీలో నేను కోపం ఆపుకోలేకపోయాను. "దీనికోసమేనా టీచర్ ఇన్నేళ్లు? వాళ్ల కాగితాల్లో ఇప్పటికీ తప్పు ఆయనదే కదా? రేపు ఆ కంపెనీలోనే ఇంకొకడు పడితే?"

ఆవిడ దబాయించలేదు, నీతులు చెప్పలేదు. "నిజమే పిల్లా. పడితే ఆ పాపంలో నాకూ వాటా ఉంటుంది," అన్నారు. కొంతదూరం పోయాక, "వాళ్లిద్దర్నీ విడదీసి నేను న్యాయం తెచ్చుకుంటే, అది ఆయనకి ఎలా చెప్పను? భయపడ్డవాడి బదులు తాను ఎక్కిన మనిషి ఆయన," అన్నారు.

నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేను. ఆవిడ కూడా దాంతో ప్రశాంతంగా ఉన్నారని చెబితే అబద్ధమే అవుతుంది. ఎక్కడైనా కట్టడం దగ్గర పనివాడు పడ్డాడని వింటే ఆవిడకి ఆ పూట అన్నం దిగేది కాదు. కోర్టు నవలలు చదవడం తగ్గించేశారు. ఒకరోజు నేనే ఒకటి తెచ్చిస్తే కొన్ని పేజీలు తిరగేసి పక్కన పెట్టారు. "బాగానే రాశాడు గానీ, సాక్షికి పెళ్లాం ఉందో లేదో ఎక్కడా రాయలేదు," అన్నారు.

ఒక్క మేలు మాత్రం జరిగింది. అత్తా కోడళ్లు మళ్లీ కలిశారు. ప్రతి వేసవికీ ఆవిడ ఊరు వెళ్లేవారు. వెళ్లే ముందు అత్తగారికి ఖర్జూరాలు, మెత్తటి దుప్పటి, నొప్పుల తైలం సర్దుకోవడం ఒక పండగ. కొడుకు సమాధి మీద పేరు చెక్కించారు ఇద్దరూ కలిసి. ఈ విద్యాసంవత్సరం అయిపోగానే ఉద్యోగం మానేసి శాశ్వతంగా వెళ్లిపోతానని స్కూల్లో చెప్పేశారు కూడా. "మా అత్తగారికి చూపు ఆనడం లేదు. నవలలు చదివి వినిపించాలి. ఆవిడకి ఏడిపించేవే కావాలట," అని మొన్ననే నవ్వారు. ఆ ప్రయాణం ఇలా అయింది.

కాగితాల పనులయ్యాక ఆవిడని విమానానికి పంపే రోజు ఆసుపత్రి శవాగారం దగ్గరికి డ్రైవరూ భార్యా వచ్చారు. పెట్టెకి ఒక వైపు అతను పట్టాడు. వ్యాన్‌లో పెట్టాక కూడా చెయ్యి తీయలేదు. "ఒక్క మాట అడిగింటే పోదును కోర్టుకు," అన్నాడు నాతో. "మళ్లా ఎన్నిసార్లు కనపడినా ఎప్పుడూ అడగల్యా. ఏందన్నా తిన్న్యావా నాయనా, అనేది. అంతే." భార్య అతని చొక్కా అంచు పట్టుకుని నిలబడి ఉంది.

మర్నాడు ఊళ్లో జరిగింది వాళ్ల బంధువుల అమ్మాయి ఫోన్‌లో వీడియో కాల్ పెట్టి చూపించింది. నేనూ, డ్రైవరూ, అతని భార్యా ఆ చిన్న తెర మీద చూశాం. చావిట్లో పెట్టె దించారు. ఫాదరు గారు ప్రార్థన మొదలుపెట్టబోతుంటే ముసలావిడ ఆగమంది. మూత తీయమంది. ఇద్దరు ఆడవాళ్లు ముసలావిణ్ని పట్టుకుని పెట్టె పక్కన కూర్చోబెట్టారు. చూపు ఆనదు కదా, వేళ్లతో కోడలి ముఖం తడిమింది. ప్రయాణంలో జుట్టు చెదిరి నుదుటి మీద పడి ఉంది. "దువ్వెన తేండి," అంది. ఎవరో తెచ్చిచ్చారు.

ముసలావిడ దువ్వడం మొదలుపెట్టింది. పాపిడి కుదరడం లేదు. "ఇక చాలు పెద్దమ్మా, టైమవుతోంది," అన్నారెవరో. ఆవిడ వినిపించుకోలేదు. నెరిసిన ఆ జుట్టుని ఎడమ చేత్తో తడిమి చూసుకుంటూ, చిక్కు తగిలిన చోట ఆగి, నొప్పి పుడుతుందేమో అన్నట్టు నెమ్మదిగా, మళ్లీ మొదట్నుంచి దువ్వుతోంది.