గాడిద నమ్మింది నన్ను

ముప్పై ఏళ్లుగా అడుగుతున్నాను, మా చిన్నాన్న మాట మార్చేస్తాడు. ఇవాళ జయపురం సంతలో తడిసిన చోళ్ల, అదే రాగుల, వాసనకి మళ్లీ ఆ కోపం లేచింది.

నా చిన్నప్పుడు కకిరిగుమ్మలో మా రైల్వే క్వార్టర్ల వెనక, రైలు లైను పని అయిపోయాక కంట్రాక్టరు వదిలేసిన గాడిదలు తిరిగేవి. మనిషిని చూస్తే పారిపోయేవి. కాలికి పుండున్న ఒకదానికి పదిహేను రోజులు చోళ్లు పెట్టాను. రోజుకో అడుగు దగ్గరికొచ్చేది.

"కదలకురా సిన్నోడా, నిన్నయితే నమ్ముతాది. పుండుకి మందు రాసెత్తాను," అన్నాడు చిన్నాన్న, నా వెనక నక్కి.

ఊపిరి బిగబట్టాను. వణుకుతున్న మూతి నా అరచేతిని తాకింది. అంతలో దాని మెడకి ఉచ్చు పడింది. మందు కోసమే కాబోలని నేనే దాన్ని గట్టిగా పట్టుకున్నాను.

మర్నాటి నుంచి ఆ కాలితోనే చిన్నాన్న కొత్తింటికి ఇసక మోసింది. నేను చోళ్లతో చెయ్యి చాపితే మొహం తిప్పుకునేది.

చిన్నాన్నా, ఆ రోజు నువ్వు అసలు మందు తెచ్చావా? నా మొహం చూసి చెప్పు.