వదిన మొక్కూ నా పేగూ

చిత్తూరులో ఆడపిల్లల బడిలో టీచరుగా ఉండేదాన్ని. ఆరోగ్యపాఠం చెప్పేది నేనే. అన్నం బాగా నమలండి, వేళకు దొడ్డికి పోండి అని పిల్లలకు చెప్తా చెప్తానే చెంబు తీసుకొని పరుగెత్తేదాన్ని. రోజుకు ఏడెనిమిదిసార్లు. బొడ్డుకింద కుడిపక్క మెలిపెట్టినట్టు నొప్పి, సాయంత్రమైతే జ్వరం. రెండేళ్లలో రవికెలన్నీ వదులైపోయినాయి.

అమ్మా నాయనా పోయినాక అన్నావదినల దగ్గరే ఉండేదాన్ని. ఊళ్లో డాక్టరు పొట్ట నొక్కి చూసి "పేగుల్లో క్షయ" అన్నాడు. ఆపొద్దునుంచి నాకు మర్యాద పెరిగింది. వేరే గది, వేరే తట్ట, వేరే గ్లాసు. బడివాళ్లు అడక్కుండానే సెలవిచ్చినారు. యుద్ధం రోజులవి, రేషన్లో బియ్యం చాలక ఊరంతా కొర్రలూ జొన్నలూ తింటుంటే నాకు బలానికని పాలు, కోడిగుడ్లు. పాలు తాగిన గంటకే కడుపు ఉబ్బి మళ్లీ పరుగు. బలం వస్తా ఉండాదని అందరూ సంతోషపడినారు.

వదినకు ఇద్దరు చంటిబిడ్డలు. నా గ్లాసు తోమేది ఆమే. తోమినాక చేతులు ఎర్రగా కందిపోయేదాకా బూడిదతో రుద్దుకునేది. ఒకరోజు కొండదిక్కుకు తిరిగి దండం పెట్టి, "సామీ, ఇది క్షయ కాకుండా సూడు. నా తల నీకిస్తా" అని మొక్కుకునింది. ఆమె జడ నడుము దాటి వేలాడేది. "నన్నొక మాటైనా అడగలేదే" అని అన్న గొణిగినాడు.

మందులకు తగ్గకపోయేసరికి అన్న నన్ను రాయవేలూరు పెద్దాసుపత్రికి తీసకపోయినాడు. అక్కడి సర్జను పొట్ట కోసి, బిగుసుకుపోయిన పేగు జానెడు తీసేసి, ఆ ముక్కను పరీక్ష చేయించినాడు.

"క్షయ కాదమ్మా" అన్నాడు.

"మరేంది సార్?"

"చిన్నపేగు చివర్న వాపు. ఎందుకొస్తాదో మాకూ తెలీదు. మళ్లీ వచ్చినా రావచ్చు."

"మందు?"

"విశ్రాంతి. మెత్తటన్నం, మజ్జిగ. చెనక్కాయలు, ఆకుకూరలు ముట్టొద్దు."

ఇంగ్లీషులో ఏదో పేరు కాగితం మీద రాసిచ్చినాడు. ఇప్పుడు క్రోన్స్ వ్యాధి అంటున్నారే, అదే.

ఇంటికి రాగానే మర్యాద పోయింది. క్షయ కాదని వీధంతా సంబరపడి, అసలు నాకు జబ్బే లేదని తేల్చేసింది. పెద్ద టీచరమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివి, "నోరు తిరగని జబ్బుకు సెలవెట్లా రాసేదమ్మా?" అనింది.

సామి అడిగింది అడిగినట్టు తీర్చినాడు కాబట్టి ఇంక మొక్కు చెల్లించాల. కోసిన గాయం మానినాక తిరుపతికి పోయి, కొత్తగా వేసిన ఘాటురోడ్డు మీద బస్సెక్కినాం. నడి కొండలో ఆపమంటే ఆపుతాడో లేదోనని నేను ముందురోజు నుంచే పచ్చిగంగ ముట్టలేదు. కల్యాణకట్టలో తడిపిన జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఒళ్లో పడుతుంటే వదిన కళ్లు మూసుకొని కూచోనింది. లేచి బోడితల తడుముకుంటా నన్ను చూసి నవ్వింది.

"ఇంక నీకు భయం లేదమ్మే. నొప్పి లేదు గదా?"

అప్పటికి వారంగా ఉంది.

"లేదు వదినా" అన్నాను.

చెప్పినాక ఆ అబద్ధాన్ని పోషించాల్సి వచ్చింది. నెత్తిన కొంగు కప్పుకొని వదిన నీళ్లకు పోతే, ఆడోళ్లు గుండు ఎందుకని అడిగేవాళ్లు. "మా ఆడబిడ్డకు నయమైందని" అని గర్వంగా చెప్పేది. ఆ మాట విన్నాక ఇంట్లో మూలిగేదానికి లేదు. ఆమె జుట్టు పెరిగేదాకా నేను ఆరోగ్యంగా ఉండక తప్పదు. ఆమె పెట్టిన సంగటీ చెనక్కాయల ఊరిబిండి పచ్చడీ నవ్వుకుంటా తిని, బడికి పోయి ఆడ మెలికలు తిరిగేదాన్ని.

ఆరునెల్లు నెట్టుకొచ్చినాను. ఒక ఆదివారం మధ్యాహ్నం పెరట్లో కూలబడిపోయినాను. చీరకు నెత్తురు. వదిన పరుగెత్తుకొచ్చి నన్ను ఆనించుకొని కడిగింది.

"ఎన్నాళ్లనుంచి?"

"కొండకు పోకముందు నుంచి."

ఆమె ఇంకో చెంబు నీళ్లు పోసింది.

"నాకెందుకు చెప్పలే?"

"నీ జుట్టు..."

"జుట్టుదేముంది, మొలుస్తాది. సామిని క్షయ కాకూడదని అడిగినాను, కానియ్యలేదు. కడుపునొప్పి మాట నేను ఎత్తనేలే. తప్పు ఆయప్పది గాదు." కూరగాయలమ్మతో బేరం తేలినట్టు చెప్పింది.

"అయితే ఈతూరి సరిగ్గా అడుగు."

"ఇచ్చేదానికి నాకాడ ఇంకేముండాది? ఈతూరి నీ తల మొక్కుతా."

నవ్వినాను. నవ్వితే నొప్పి ఇంకా ఎక్కువైంది.

మరుసటిరోజు ఆమె సర్జను కాగితం అన్నచేత చదివించుకొని, పేరు తనకూ నోరు తిరగక, కింద రాసిన తిండి వరకే బట్టీపట్టింది. రేషన్ బియ్యం మొత్తం నాకు మెత్తగా వండి, ఇంటికంతా సంగటి కెలికేది. అన్న మొహం ముడుచుకొనే తిన్నాడు. జబ్బు పోలేదు, వస్తా పోతా ఉండేది. వచ్చినపొద్దు "వదినా, నొప్పి" అనేదాన్ని, ఆమె ఇంకేం అడక్కుండా పొయ్యి మీద జావకు ఎసరు పెట్టేది.