ఆ ఫొటోలో కళ్ళు నావి కావు

మా ఇంటి గోడ మీద చాలా ఏళ్ళు ఒకే ఒక్క ఫొటో ఉండేది. అందులో నేను చచ్చిపోయిన పిల్లలా ఉంటాను. తప్పు నాది కాదని అప్పుడే చెప్పాను. ఎవరూ వినలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. బాపు తమ్ముడికి, అంటే మా కాకకు, పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. పిల్ల తరఫువాళ్ళు ఫొటో అడిగారు. కాక ఒక్కడే దిగితే బాగుండదని కేతేపల్లి పక్కనున్న మా ఊరి నుంచి ఇంటిల్లిపాదీ నల్లగొండకు బయల్దేరాం. స్టూడియోలో బాపు, అమ్మ కుర్చీల్లో కూర్చున్నారు. కాక వెనక నిలబడ్డాడు. నన్ను ముందు చాప మీద కూర్చోబెట్టారు. కాక వంగి నా నెత్తి మీద ఒకటి తట్టి, "రెప్ప గొట్టినవంటే ఫొటో ఖరాబైతది, సూస్కో" అన్నాడు.

అప్పటి నుంచే రెప్ప బిగబట్టాను. ఫొటో తీసే సాబు పరదా సర్దాడు. అమ్మ కొంగు సవరించుకోమన్నాడు. నల్లగుడ్డలో తల దూర్చాడు, తీశాడు, మళ్ళీ దూర్చాడు. నా కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. సరిగ్గా ఆయన కెమెరా మూత తీసినప్పుడే రెండు కళ్ళూ మూతపడ్డాయి.

వారానికి ఫొటో వచ్చింది. అందులో నా కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ అవి నావి కావు. మూసిన రెప్పల మీద సాబు కుంచెతో గీశాడు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

ఆ రోజుల్లో మా వైపు చాలామంది బతికుండగా ఫొటో దిగేవారు కాదు. మనిషి పోయాక కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి తీయించేవారు. ఆ ఫొటోల మీదే సాబులు కళ్ళు గీసేవారు. అందుకే గీసిన కళ్ళు కనబడితే చాలు, ఆ మనిషి లేనట్టే లెక్క. పానగల్ నుంచి వరసకు పెద్దమ్మ అయ్యే ఒకామె మొదటిసారి మా ఇంటికి వచ్చి, ఆ ఫొటో ముందు నిలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"అయ్యో, బంగారమసొంటి పిల్ల. ఎప్పుడు పోయిందే చెల్లె?"

ఆమెకు మంచినీళ్ళ చెంబు అందిస్తున్నది నేనే.

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. కాక అరుగు మీద పొర్లి పొర్లి నవ్వాడు. నేను బడికి పోతుంటే, "పైలం బిడ్డా, చెమట పడితె కండ్లు కారిపోతయి" అనేవాడు. ఒకరోజు కాదు, పదేళ్ళు అన్నాడు. రెప్ప కొట్టొద్దన్నది తానేనని ఒక్కసారీ చెప్పలేదు.

ఆ తర్వాత ఫొటో అంటే గోడ చాటుకు పోయేదాన్ని. బడిలో అందరూ దిగిన ఫొటోలో నేను లేను. కానీ పద్దెనిమిదో ఏట టీచర్ ట్రైనింగ్ దరఖాస్తుకు ఫొటో అంటించాలన్నారు. నాకు ఆ ట్రైనింగ్ కావాలి. వారం రోజులు అద్దం ముందు కూర్చున్నాను. కెమెరా మూత గుర్తుకొస్తే చాలు, రెప్పలు వణికేవి.

బాపు వెంట నల్లగొండ పోయాను. అదే స్టూడియో, అదే సాబు. గడ్డం తెల్లబడింది.

"కండ్లు మూస్కో బిటియా. నేను చెప్పినంక తెరువు."

"మూస్కోను. ఒక్కపారి మూసినందుకే పదేండ్లు మాటలు పడ్డ. మీరు గీసిన కండ్లు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. యాదికున్నదా?"

సాబు బాపును చూశాడు, నన్ను చూశాడు, గుర్తుపట్టాడు. తప్పయిందంటాడేమో అనుకున్నాను.

"గా దినం నీ కండ్లకు పురసత్ యాడ దొరికె బిటియా? ఎనక నిలబడ్డాయన మీసం గీసుడుకే టైమంత అయిపాయె. ఉన్నయి నాలుగెంటికలు. పిల్ల తరపోళ్ళకు పంపాలె, దట్టంగ గీయుమని నా పానం తీసిండు."

నేను బాపు వైపు తిరిగాను. బాపు పైకప్పు వైపు చూస్తున్నాడు.

నాకు నవ్వు తన్నుకొచ్చింది. దాన్ని పళ్ళ వెనక పట్టుకున్నాను. వీపు దానంతటదే నిటారైంది. ఎవరూ చెప్పకముందే కళ్ళు మూసుకున్నాను. "తెరువు" అన్నాడు సాబు. తెరిచాను. కెమెరా ఉన్నచోట నాకు కాక మీసమే కనబడింది. ఇక భయమేముంది?

చెంప మీది మచ్చ తీసేస్తానని సాబు అంటే, కుంచె ముట్టుకోవద్దన్నాను.

దరఖాస్తుకు ఒకటి పోయింది, ఒకటి ఇంటికి తెచ్చాను. కాక దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈపారి కండ్లు నీయేనా?"

"నాయే, కాకా. నీ మీసమే నీది కాదంట."

బియ్యం చెరుగుతున్న కాక పెళ్ళాం, మా చిన్నమ్మ చేతిలో చాట ఆగింది. పెళ్ళికి ముందు మీసం గొరిగిస్తే మళ్ళీ సరిగా మొలవలేదని కాక ఆమెకు పదేళ్ళుగా చెబుతున్నాడు. ఆమె లేచి, పాత ఫొటో దించి, వాకిట్లో ఎండకు పట్టి చూసింది.

"ఓ అయ్యో! దీన్ని జూసేనా మా నాయిన నన్నిచ్చింది?"

కాక చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. పొద్దు గూకినా రాలేదు.

పాత ఫొటో పక్కన మేకు కొట్టి, నా ఫొటో నేనే తగిలించాను. ట్రైనింగ్‌లో సీటు వచ్చింది. కాక మళ్ళీ నా కళ్ళ ఊసెత్తలేదు. తప్పు నాదే బిడ్డా అని మాత్రం ఒక్కసారీ అనలేదు. అదీ నాకు యాదికుంది.