మాది కాని కాల్‌సైన్

తొంభైల చివర్లో బేగంపేట విమానాశ్రయం దగ్గర సరుకు విమానాలు నడిపే ఒక చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. రోజూ మేడ్చల్ నుంచి బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. సరుకు జాబితాలు టైపు చేయడం, ఫ్యాక్సులు అందుకోవడం నా పని.

కంపెనీకి సొంత విమానం లేదు. బయటి దేశపు సంస్థ దగ్గర పైలట్లతో సహా అద్దెకు తెచ్చుకుని, తోక మీద మా రంగులు వేయించారు. కానీ రేడియోలో పైలట్ కాల్‌సైన్ చెప్పినప్పుడు, అంటే ఆకాశంలో ఆ విమానాన్ని పిలిచే పేరు, వినిపించేది ఆ బయటి సంస్థదే. అది నాకు వింతగా ఉండేది, అంతే.

మా చిన్నాయినకు శామీర్‌పేట అవతల ద్రాక్షతోట ఉండేది. ఆ ఏడు కాత విరగగాసింది. గల్ఫ్‌కు ద్రాక్ష పంపే రైతుల కోసం మా మేనేజరు వెతుకుతుంటే చిన్నాయినను తీసుకెళ్లింది నేనే. ఆయన మాట మీద ఇంకో నలుగురు కలిశారు.

"బిడ్డా, ద్రాక్ష ఆగదు. తెల్లారకముందే, మబ్బుల్నే కోస్తం. మీ ఇమానం పక్కానా?"

"పక్కా చిన్నాయినా. నేనున్న గదా."

మార్చి ఎండ. పదకొండింటికల్లా రెండు డీసీఎం వ్యాన్ల నిండా అట్టపెట్టెలు వచ్చి రేకుల షెడ్డులో దిగాయి. విమానం ఎదురుగానే నిలబడి ఉంది. ఒంటిగంట దాటినా ఎక్కించమని ఎవరూ చెప్పలేదు. మేనేజరు నన్ను లోపలికి పిలిచాడు.

"ఇంజన్ చెడిపోయిందని చెప్పమ్మా వాళ్లకి. మీ వాళ్లే కదా, నువ్వు చెబితే వింటారు."

"నిజంగా చెడిపోయిందా సార్?"

"అదంతా నీకెందుకు?"

ఆయన బయటికి వెళ్లగానే బల్ల మీది ఫైలు తెరిచాను. పైనే గల్ఫ్ నుంచి వచ్చిన ఫ్యాక్సు. అనుమతి అడిగింది మీ దేశపు కంపెనీ, వచ్చేది మూడో దేశపు కాల్‌సైన్‌తో, మూడో దేశపు విమానం. మీ దేశం నుంచి మా దేశానికి సరుకు మోసే హక్కు ఆ విమానం నడిపే సంస్థకు లేదు, దిగనివ్వం. అదీ సంగతి. తేదీ చూస్తే నా సెలవు రోజుది. నాలుగు రోజుల కిందటిది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరిని దిగనివ్వాలో చెప్పడం వాళ్లిష్టం, ఆ నియమం మీద నాకు కోపం లేదు. నాలుగు రోజుల కింద ఆ గుత్తులు ఇంకా తీగకే ఉన్నాయి. ఒక్క మాట చెబితే అక్కడే ఉండేవి.

మేనేజరు తిరిగొచ్చాడు. ఫ్యాక్సు ఆయన ముందు పెట్టాను.

"ఆఖరి నిమిషంలో పర్మిషన్ వస్తుందనుకున్నా. ఇవన్నీ మామూలే," అన్నాడు.

మామూలే! ఆ కాగితం లాక్కుని షెడ్డుకు వెళ్లి, రైతులందరికీ తెలుగులో చదివి వినిపించాను. ఇంజన్ చెడిపోయిందని చెప్పమన్న సంగతీ చెప్పాను.

"అయితే గీ ఇమానం మీది గాదా?" అన్నాడు చిన్నాయిన.

"రంగు మాది. పేరూ ఇమానమూ వేరేటోళ్లయి, గక్కడికి మోసే హక్కు వాళ్లకు లేదు."

"నీకెరికేనా?"

"కాయితం ఇయ్యాల్నే చూసిన. పేరు వేరని మొదటిసంది ఎరికే."

ఆయన నా వైపు చూడలేదు. వెనకే వచ్చిన మేనేజరు వైపు తిరిగాడు.

"సారూ, రాదని జెప్తే కోయకపోదుము. గది సాలదని గీ పిల్లతోని అబద్ధం జెప్పిస్తవా?"

"రూల్స్ అండీ, మా చేతిలో ఏం లేదు," అన్నాడు మేనేజరు.

అవే డీసీఎంలలో పెట్టెలను నగరంలోని మార్కెట్‌కు తీసుకెళ్లాం. నేనూ వెంట వెళ్లాను. పెట్టెలు తెరిచేసరికి పండ్లు మెత్తబడి చెమ్మగిల్లాయి, కాడలు నల్లబడ్డాయి. సగం అక్కడే పారబోశారు. మళ్లీ ఆ ఆఫీసు మెట్లెక్కలేదు. విమానయాన శాఖకు ఫిర్యాదు రాసి పంపితే, పరిశీలిస్తున్నామని జవాబొచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు.

కొన్నేళ్లకు తుర్కపల్లిలో ఒక మందుల ల్యాబ్‌లో, సరుకు విదేశాలకు పంపే విభాగంలో చేరాను. విమానం ఎవరిది, కాల్‌సైన్ ఎవరిది, ఆ దారిలో మోసే హక్కు ఎవరికుంది, కాగితం చూపించమని ఏజెంట్లను నిలదీసేదాన్ని. ఇన్ని ఎవరూ అడగరు మేడం, అని విసుక్కునేవాళ్లు. విసుక్కోనీ.

ఒకసారి ఇంటికొచ్చిన చిన్నాయిన, "పోనీ బిడ్డా, గా మేనేజరు గూడ నౌకరోడే గదా," అన్నాడు.

"నువ్వు ఇడిసిపెట్టు చిన్నాయినా. నేను ఇడువ," అన్నాను.