‘గదే’ అనేదాకా

లవంగం వాసన తగిలితే నాకు ఇప్పటికీ భయమే. ఈ పొద్దున కూడా అంతే. ఆదిలాబాద్‌లో ఇంటి తగాదాలు విని సర్దిచెప్పే కేంద్రంలో పనిచేస్తున్నాను. నా ఎదుట కూర్చున్న ముసలమ్మ పంటినొప్పికి దవడన లవంగం పెట్టుకుని కొడుకు మీద ఫిర్యాదు మొదలుపెట్టింది. ఆమె నోరు తెరవగానే నా అరచేతులు చెమర్చాయి. మళ్లీ రఫియా మేడం ముందు నిలబడినట్టే అనిపించింది.

మంచిర్యాలలో నేను చదివిన డిగ్రీ కాలేజీలో మొదటి సంవత్సరం వాళ్లందరికీ, ఏ గ్రూపు అయినా సరే, కలిపి ఒక క్లాసు ఉండేది. కొంత చరిత్ర, కొంత సమాజం, కొంత తర్కం, మిగతాదంతా మాట్లాడటం. దాన్ని పునాది క్లాసు అనేవారు. పునాదే గానీ ఇల్లెప్పుడు లేస్తుందో తెలియదని మేం ఎగతాళి చేసేవాళ్లం. ఆ క్లాసు చెప్పేది రఫియా మేడం. కరీంనగర్‌లో బట్టల దుకాణం ఉన్న కుటుంబం ఆమెది. ఇంట్లో ఉర్దూ, మాతో మా తెలుగే. గొంతు తొందరగా పోతుందని బుగ్గన ఎప్పుడూ లవంగం ఉండేది. ఆమె క్లాసులో ఒకటే నియమం. ఎవరితోనైనా వాదించాలంటే ముందు వాళ్ల మాటను మనం చెప్పాలి. వాళ్లు ‘గదే’, అంటే నేనన్నది అదే, అని ఒప్పుకున్నాకే మన వంతు.

ఒకరోజు నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని కోసం ఊళ్లు ఖాళీ చేయించే సంగతి చర్చకు వచ్చింది. మాది బెల్లంపల్లి, రోజూ రైల్లో వచ్చేదాన్ని. బాపు, అంటే మా నాన్న, బొగ్గుబావిలో కార్మికుడు. బావి లేకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. నా క్లాసువాడు సురేష్ వాళ్ల ఊరేమో ఒక గని కింద పోబోతోంది. వాడు మాట్లాడి కూర్చోగానే నేను చెయ్యెత్తాను. మేడం నా బెంచి దగ్గరికి వచ్చి వంగారు. లవంగం వాసన గుప్పుమంది.

“ముందు సురేష్ ఏమన్నడో చెప్పు బేటా.”

“పైసలు సరిపోవంటుండు మేడం.”

“కాదు,” అన్నాడు సురేష్.

“ఊరిడిసి పోమంటుండు.”

“కాదు.”

క్లాసంతా నన్నే చూస్తోంది. చెవులు వేడెక్కాయి. వాడు మాట్లాడుతున్నంతసేపూ నేను నా జవాబు కూర్చుకుంటూ ఉన్నాను, ఒక్క ముక్క వింటే ఒట్టు. చివరికి వాడికే జాలేసింది. “కాలనీల ఇల్లిస్తరు గానీ కొట్టం ఇయ్యరు. బర్రెలను యాడ కట్టెయ్యాలె అని అడిగిన. గంతే,” అన్నాడు.

ఆ వారమే బాపు నా టీసీ తీసుకుంటానన్నాడు. సోమవారం కాలేజీకి వచ్చి పేరు తీసేయించి, నన్ను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేర్పిస్తాడట. “బి.ఏ. చదివి ఏం జేస్తవ్ బిడ్డా?” అన్నదే ఆయన ప్రశ్న. నాకు ఆ కాలేజీ వదలాలని లేదు. ఎందుకో చెప్పమంటే మాత్రం నోరు పెగలదు. అన్నం సహించలేదు. మర్నాడు రైలు దిగి నేరుగా స్టాఫ్‌రూమ్‌కి పోయి, “మా బాపుతోని మీరు మాట్లాడాలె మేడం,” అని ఏడ్చాను.

“నేను జెప్తే మర్యాదకు సరే అంటడు. ఇంటికి పోయినంక మళ్ల గదే ఫికర్,” అన్నారు మేడం. “మీ బాపు ఏమంటుండో జర నువ్వు చెప్పు.”

“సదువు వద్దంటుండు.”

“గా మాటన్నడా?”

అనలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. నేను ఇక్కడ మునిగిపోతుంటే ఈమె క్లాసు చెబుతోంది అనుకుంటూ బయటికి వచ్చేశాను.

ఆదివారం బాపు ఇంటి ముందు నల్లా దగ్గర బండి కడుగుతున్నాడు. ఇంకో దారి లేక వెళ్లి పక్కన నిలబడ్డాను.

“బాపూ, నేను ఉత్తగ తిరుగుతున్ననా అని నీ బాధ?”

“కాదు.”

“బి.ఏ. అంటే నలుగురిల నామోషీనా?”

“కాదే.”

ఆయన నా వైపు చూడకుండా గుడ్డ పిండుతున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. కొన్నాళ్లుగా అన్నం తినేటప్పుడు ఆయన మాట్లాడేదంతా బావుల గురించే. ఏది మూతపడింది, ఎవరిని ఎక్కడికి పంపారు. పక్కింటి టీవీ మోగినట్టు విని ఊరుకున్నాను.

“బావులు మూసుకపోతున్నయి,” అన్నాను మెల్లగా. “నీ పని ఉండంగనే నాకొక పని దొరకాలె. లేకుంటే నువ్వు ఇంట్ల కూసునే నాటికి నేను గూడ ఇంట్లనే కూసుంటనని భయపడుతున్నవ్.”

బాపు చెయ్యి ఆగిపోయింది. “గదే బిడ్డా,” అన్నాడు.

ఆ భయాన్ని నా నోటితో అన్నాక అది నన్నూ పట్టుకుంది. కూడబెట్టుకున్న జవాబులన్నీ ఎటో పోయాయి. “నాగ్గూడ భయమే బాపూ,” అన్నాను.

“మరి నీదేందో చెప్పు.”

అడ్డదిడ్డంగా చెప్పాను. సురేష్ బర్రెల సంగతి చెప్పాను. ఇన్నేళ్లు మనకు బొగ్గు పెట్టిన తిండికి అవతలి పక్క కూడా మనుషులున్నారని ఆ క్లాసులోనే తెలిసిందన్నాను. బాపు తడిగుడ్డ బండి మీద ఆరేశాడు. మేడం నియమం ఆయనకు తెలియదు.

“ముచ్చట్లు బాగుంటయని పోతనంటున్నవా?”

“కాదు.”

“పనైతే జేస్తనంటున్నవ్. గానీ మనుషుల మాట ఇని జేసే పని గావాలె. అది యాడ దొరుకుతదో నీగ్గూడ తెల్వది. గంతేనా?”

“గదే,” అన్నాను. ఏడుపు ఆగలేదు.

ఆయన సరే అనలేదు. సోమవారం నాతోపాటే రైలెక్కాడు. కాలేజీలో ఆఫీసు కిటికీ వైపు నడిచాడు, నేను క్లాసుకు వెళ్లాను. పాఠం ఒక్క ముక్క ఎక్కలేదు, కళ్లన్నీ తలుపు మీదే. కాసేపటికి తలుపులో బాపు కనిపించాడు. ముందు ఆయన చేతులు చూశాను. టీసీ కాగితం లేదు.

“ఏం గావాలె?” అని అడిగారు మేడం.

“ఏం లేదు మేడం. జర ఎనుక కూసుంటా,” అన్నాడు.

ఆయన భయం ఆ రోజుతో పోలేదు, నాదీ పోలేదు. ఈ పని దొరికేదాకా మా ఇద్దరికీ సరిగ్గా నిద్ర లేదు. దొరికాక కూడా, ఎవరైనా నా ముందు కూర్చుంటే ముందు నాకు చెమటలే.

“అవ్వా,” అన్నాను ముసలమ్మతో, “నీ కొడుకు తిండి పెడ్తలేడని నీ బాధ. అంతేనా?”

ఆమె లవంగం ఆ దవడ నుంచి ఈ దవడకు మార్చుకుని తల అడ్డంగా ఊపింది.

“కాదు బిడ్డా.”

పెన్ను పక్కన పెట్టి, కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాను.

“మళ్లొక్కసారి చెప్పు అవ్వా.”