స్వరూపకొచ్చిన ఉత్తరం

ఒక కాయితం ముక్క బరువెంతుంటది? చేతుల పట్టుకుంటే ఏం ఉండది. నేను మాత్రం దాన్ని ఇరవై ఏండ్లకు పైన మోస్తున్న. యాడ దించాల్నో తెల్వక మోస్తున్న. మీరెవరో నాకు తెల్వది, నేనెవరో మీకు తెల్వది. గందుకే మీకు చెప్పాలనిపించింది. పేరు మాత్రం అడగకుండ్రి. నాకు మూడు పేర్లున్నయి. ఇంట్ల పెట్టింది ఒకటి, దళంల పెట్టింది ఒకటి, ఈ పాతబస్తీల కిరాయికి దిగినప్పుడు నేనే పెట్టుకున్నది ఒకటి. తప్పు చేసింది ఆ నడిమి పేరుతోని. అయితే ఏంది, చేతులు ఇవ్వే కద.

నేనుండేది దబీర్‌పురాల, రైలు పట్టాల పక్కన ఒక్క అర్ర. లాడ్ బజార్ల ఒక సేట్ దగ్గర లక్క గాజులు తెచ్చుకొని, ఇంట్ల కూసొని వాటికి రాళ్లు అద్దుత. పక్కింటి ఆపా పొద్దుగాల చాయ్ పంపిస్తది. మొగడు పోయిన ఆడిది అనుకుంటరు గల్లీల. అనుకోనియ్యి, నేను కాదన్లే. ఏడేండ్లు అడవిల తుపాకీ పట్టుకొని తిరిగిన్నంటే ఆపా పడి పడి నవ్వుతది. సూదిల దారం ఎక్కియ్యమని రోజు ఆమెనే బతిమాలుత మరి.

స్వరూప దళంలకు వచ్చినప్పుడు దానికి పదహారేండ్లు. మస్తు హుషారు పిల్ల. ఎంత దూరం నడిచినా అలసట అనకపోతుండె. చదువు మాత్రం రాదు. నేను పదోది దాకా చదువుకున్న కాబట్టి చదువురాని పిల్లలకు అక్షరాలు నేర్పుడు నా పనే. బండల మీద బొగ్గుతోని రాసి నేర్పుతుంటి. అది అక్షరాలన్ని నేర్చుకున్నది, గుణింతాలు ఇంక రాలే. ఇంకో నెల రోజులైతే వస్తుండె. ఆ నెల గురించి ఎన్నిసార్లు ఆలోచించిన్నో నాకే లెక్కలేదు.

దళంల ఒక పద్ధతి ఉండె. ఇంటోళ్లు ఎవ్వరొచ్చినా పిల్లలను నేరుగ కలవనియ్యం. ఉత్తరం తెస్తే ముందుగాల పెద్దోళ్లు చదవాలె, తర్వాతనే ఇయ్యాలె. మా దాంట్ల చదివేది నేనే. ఒకనాడు స్వరూప మేనమామ మల్లేశం వచ్చిండు. బక్కగ, భయం భయంగ ఉన్నడు. వాగు ఒడ్డున నన్ను కలిసి, అంగి లోపల దాచుకున్న ఉత్తరం తీసి నా చేతుల పెట్టిండు.  "మా అక్క పంపింది" అన్నడు. పిల్ల వస్తనంటే తోలుకపోత, రెండు దినాలు గూడెంలనే ఉంట అన్నడు. సరే, ఇస్త అని చెప్పి పంపిన.

ఉత్తరం వాళ్లమ్మ లచ్చవ్వ చెప్తుంటే బడి సారు రాసిండు. తండ్రి మంచం పట్టిండట. ఊరి పెద్దలతోని మాట్లాడినమని, వచ్చేస్తే నిన్ను ఎవ్వరు ఏం చెయ్యరని, మామ ఎంట రమ్మని రాసి ఉన్నది. నేను చెట్టు కింద కూసొని రెండుసార్లు చదివిన. మల్ల స్వరూపను పిలిచి, అదే కాయితం కండ్ల ముందర పట్టుకొని, లేనిది చదివిన. అందరం మంచిగున్నం, నాయిన మంచిగున్నడు, వానలు మంచిగ పడ్డయి, నువ్వు ఫికర్ చెయ్యకు, జాగ్రత్త అని చదివిన. చదువుకుంట వేలు గూడ జరుపుకుంట పోయిన, అక్షరాల మీద. అది నా వేలు దిక్కే చూసుకుంట కూసున్నది.

ఎందుకట్ల చేసిన? మొదట్ల నాకు నేను చెప్పుకున్న జవాబు ఒకటుండె. ఆ నెలల్నే ఇద్దరు చెప్పకుండ ఎల్లిపోయిండ్రు, ఇంకొకరు పోతే పై నుంచి మాట నా మీదికి వస్తదని. అది అబద్ధం కాదు. కాని గంతేనా? గాజుల పని ఇట్లాంటిది, చేతులు వాటంతటవే చేసుకుంట పోతయి, మనసు ఉత్తగ కూసుంటది. అట్ల ఏండ్లు కూసున్నంక తెలిసింది. అప్పటికి నేనొచ్చిన ఐదేండ్లల్ల మా ఇంటికాడికెల్లి నాకు ఒక్క ఉత్తరం రాలే. ఒక్కరు రాలే. దానికేమో మామ వాగు దాటొచ్చిండు, తల్లి రమ్మంటున్నది. నేను ఓర్వలేకపోయిన. దాని మీద నాకు ప్రేమ లేదా అంటే ఉన్నది, చెల్లె లెక్క చూసుకున్న. ప్రేమ ఉన్న దగ్గర ఓర్వనితనం ఉండదా? ఉంటదని నన్ను చూస్తే తెలుస్తది.

ఉత్తరం అన్నం వండే పొయ్యిల పెట్టిన. మల్లేశానికి పిల్ల రానన్నదని కబురు గూడ పంపలే. రెండు దినాలు చూసి ఆయనే ఎల్లిపోయిండు. ఇరవై రోజులకు కాల్పులయినయి. నీళ్లకు పోయిన స్వరూప మల్ల రాలే. ఇంకో రెండేండ్లకు నేను లొంగిపోయిన. కేసులు తెగినంక పట్నం వచ్చిన, ఈ గల్లీల పడ్డ.

ఇక్కడి దాకా అయితే అడవిల చేసిన తప్పు, అప్పటి వయసు, అప్పటి భయం అని సర్దిచెప్పుకుందును. రెండో తప్పుకు ఏ సాకు లేదు. నాలుగేండ్ల కింద లచ్చవ్వ ఈ అర్ర ఎతుక్కుంట వచ్చింది. కండ్ల ఆపరేషన్‌కు పట్నం వచ్చి, మాతోని లొంగిపోయిన ఒకామె దగ్గర నా పత్తా తీసుకున్నదట. ఒక కంటికి పచ్చ గుడ్డ కట్టుకొని నా గడపల కూసున్నది. నేను పెట్టిన అన్నం తిన్నది. బిడ్డ ఎట్లుంటుండె, ఏం తింటుండె, అన్ని అడిగింది. అన్ని చెప్పిన. ఆఖరికి ఉత్తరం సంగతి అడిగింది. తమ్ముడు ఒక ఆడామె చేతుల పెట్టిన అన్నడు అప్పట్ల, నాకు నమ్మకం లేదు, వాడు పిరికోడు, నడిమిట్లనే తిరిగి వచ్చిండనుకుంట, ఉత్తరం వచ్చిందా బిడ్డా అని అడిగింది.

నిజం చెప్పనీకి అంతకన్న మంచి టైం ఎవ్వరికి దొరుకుతది? నేను ఏ ఉత్తరం రాలే అవ్వా అని చెప్పిన. ఆమె మొఖంల ఒక నిమ్మలం కనబడ్డది. ఉత్తరం అందలే కాబట్టే బిడ్డ రాలే, అందితే వస్తుండె, గంతే ఆమెకు కావాల్సింది. ఆమె మనసు కుదుటపడ్డది, మంచి పనే చేసిన అనుకున్న. ఎంత తెలివి నాది. ఆ నిమ్మలం ఎవరి మెడకు చుట్టిన్నో నాకు తెల్వదా? బిడ్డ పోయిన కాడికెల్లి ఆమె తమ్మునితోని మాట్లాడలే. రాఖీ పున్నానికి ఆయన వచ్చి గడపల నిలబడితే తలుపు ఏసుకుంటుండెనట. అది ఆమే చెప్పింది నాకు. ఇన్నంక గూడ నేను నోరు ఇప్పలే.

అప్పటికెల్లి నెలకోసారి ఫోన్ చేస్తుండె. తిన్నవా బిడ్డా, దగ్గు తగ్గిందా అని. స్వరూపను అడగాల్సినయన్ని నన్ను అడుగుతుండె. నేను ఆ ఫోన్ కోసం ఎదురుచూస్తుంటి గూడ. సిగ్గులేనిదాన్ని.

పోయిన వారం చేసిన ఫోన్ల చెప్పింది. మల్లేశానికి పక్షవాతం వచ్చిందట. మాట సక్కగ వస్తలేదు, వచ్చే ఒక్క మాట అక్కా అని. ఊరోళ్లందరు పోయి చూసి రమ్మంటున్నరట. "నా బిడ్డను చంపినోని మొఖం నేను చూడ. నేను చేసేది తప్పా, నువ్వే చెప్పు బిడ్డా" అన్నది.  మల్ల చేస్త అవ్వా అని పెట్టేసిన. మూడు దినాలు గాజులు ముట్టలే. సేట్ పెండ్లిళ్ల సీజన్ల ఇదేం లొల్లి అన్నడు, జ్వరం అని చెప్పిన. అది గూడ అబద్ధమే.

నాలుగో దినం మధ్యాన్నం ఫోన్ చేసిన.

"అవ్వా, మీ తమ్ముడు అబద్ధమాడలే. ఉత్తరం తెచ్చిండు. నా చేతికే ఇచ్చిండు. నేనే స్వరూపకు ఉన్నది ఉన్నట్టు చదవలే."

 అటు దిక్కు ఎవరో బిందె కింద పెట్టింది ఇనొచ్చింది. మల్ల లచ్చవ్వ అడిగింది, "మరి దానికి ఏమని చదివినవ్?" మీకు చెప్పినట్టే అంత చెప్పిన. పొయ్యిల పెట్టింది గూడ చెప్పిన.

"అదంత ఇని నా బిడ్డ ఏమన్నది?"

ఈ ముచ్చట ఇందాక మీకు గూడ చెప్పలే. దాచిన. అలవాటయింది. స్వరూప తల్లితోని కొట్లాడి, దెబ్బలు తిని ఇల్లిడిసి వచ్చిన పిల్ల.  నేను చదువుడు అయిపోయినంక మెల్లగ అడిగింది, అమ్మకు నా మీద ఇంక కోపమేనా అక్కా, దాని గురించి ఏమన్న రాసిందా అని. నేను ఏం రాయలే అన్న. ఆ ఉత్తరంల మొట్టమొదటి మాటే అది. బిడ్డా, నాకు కోపం లేదు, నిన్నొక్క మాట అనను, ఇంటికి రా అని.

లచ్చవ్వకు ఇది గూడ చెప్పిన. తిట్టలే, ఏడ్వలే. ఫోన్ పెట్టేసింది.

ఆమె తమ్ముని దగ్గరికి పోయిందో లేదో నాకు తెల్వది. చేసి అడగనీకి నాకు మొఖం లేదు. నెలకోసారి వచ్చే ఆ ఫోన్ ఇగ రాదు, అది మాత్రం తెలుసు. రావొద్దు గూడ. అంత పోగొట్టుకున్నంక ఏడ్పు రావాలె కద, రాలే. ఆ సాయంత్రం లేచి అన్నం వండుకున్న, పప్పు చేసుకున్న, కూసొని కడుపునిండ తిన్న. ఇట్ల తిన్న అని చెప్పనీకి సిగ్గయితున్నది. అయినా చెప్తున్న.